దశమభాగం గారికి ఒక కోడలి ధన్యవాదాలు

మహారాజశ్రీ దశమభాగం గారికి,

ఉభయకుశలోపరి. ఉభయులం అనడం తప్పేమో, పంటలో, పాడిలో పదోవంతు చర్చి పేరున కట్టించుకున్న పన్ను మీరు, 1936 చట్టంతో ఇంగ్లండ్‌లో మీ పేరు కొట్టేశారట. మా ఊళ్ళో చర్చికి వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ జీతంలో పదోవంతు తీసి మీ పేరే చెప్పి ఇస్తారు. కానీ ఇవ్వకపోతే ఎవరూ వచ్చి గేదెను తోలుకుపోరు. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో మీ లెవెలే వేరు. ధాన్యంలో, ఎండుగడ్డిలో, గొర్రెపిల్లల్లో, ఉన్నిలో, ఆఖరికి కోడిగుడ్లలో కూడా మీ వాటా మీకు రావాల్సిందే.

విషయానికొస్తాను. మా అత్తగారి పుట్టింటివాళ్ళది ఇంగ్లండ్ వాయవ్య మూలనున్న వెస్ట్‌మోర్లాండ్. 1652లో జార్జ్ ఫాక్స్ ఆ కొండల్లో తిరిగి ప్రసంగాలు చేసినప్పుడు, పాదిరీలూ చర్చి తంతులూ అక్కర్లేదన్న ఆయన క్రైస్తవ శాఖ క్వేకర్లలో కలిసిన బీద కుటుంబమట. ఆవిడ పుట్టినరోజుకి వంశవృక్షం గీసిస్తానని నోరు జారాను. మనవైపు గోత్రం అడిగితే టకటకా ఋషి దాకా వెళ్ళిపోతాం, ముత్తాత తండ్రి పేరు అడిగితే మాత్రం ఫోన్లో సిగ్నల్ పోయినట్టు నటిస్తాం. వీళ్ళకి ఆ బాధ లేదనుకున్నాను. ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి కిందికొచ్చే ఊళ్ళలో, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసిపెట్టాలని 1538లోనే ఎనిమిదో హెన్రీ రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆర్డరేశాడు కదా, రిజిస్టర్ తెరిస్తే చాలు అనుకున్నాను.

తెరిచాను. ఈ మహానుభావులు బాప్తిస్మం వద్దన్నారు. పాదిరీ చేసే పెళ్ళి వద్దని, తమ మీటింగులో, అంటే వాళ్ళ ప్రార్థన సమావేశంలో, తామే లేచి నిలబడి మాట ఇచ్చుకున్నారు. చర్చి ఆవరణలో చోటు వద్దని తోటల్లో పూడ్చుకున్నారు. పైన రాయి కూడా ఆడంబరమే అన్నారు. కోర్టులో ప్రమాణం చెయ్యరు కాబట్టి వీలునామాల దగ్గరా పేచీయే. (వీలునామా రాయడానికి మావాళ్ళకి ఏముండి ఏడ్చిందని!) చరిత్రకి చిక్కకూడదని కంకణం కట్టుకున్నవాడు కూడా ఇంత పకడ్బందీగా తప్పించుకోలేడు.

మీటింగుల వాళ్ళు సొంతంగా రాసుకున్న రిజిస్టర్లు ఉన్నాయి, నిజమే. కానీ నెలల పేర్లలో అన్యదేవతలున్నారని వాటికి అంకెలేశారు. ఒకటో నెల అంటే జనవరి అనుకుని హాయిగా రాసుకుపోయాను. తీరా చూస్తే, జనవరి 1668లో తోటలో పూడ్చారని పాదిరీ రాసిన పెద్దాయన, అదే 1668 ఎనిమిదో నెలలో మనవరాలి పెళ్ళికి సాక్షిగా గీత గీశాడు! దయ్యమేమో అన్నాడు మా ఆయన. మూడు రాత్రులు టెన్షన్. చివరికి తేలిందేమిటంటే, 1752కి ముందు వీళ్ళ ఒకటో నెల మార్చి. ఏడాది మారేది మార్చి 25న. అంటే 1668లో అక్టోబరు ముందొచ్చింది, జనవరి తర్వాత వచ్చింది. ఉగాది చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని, ఈ మాత్రం నాకు వెలగొద్దూ!

సరే, పెద్దాయన పోయాడని తెలిసింది. మరి బతికాడని ఎలా తెలియాలి? అక్కడ మీరు ఆదుకున్నారు.

ఆయన మీ బాకీ కట్టనన్నాడు. డబ్బు తీసుకుని బోధించేవాడికి పైసా ఇవ్వకూడదన్నది వాళ్ళ పట్టుదల. పైగా ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించాక మీలో చాలా భాగం భూస్వాముల చేతుల్లోకి పోయింది, దేవుడి వాటా కోసం తలుపు కొట్టేది ఒక్కోసారి దొరగారి మనిషి. ఇవ్వనంటే సామాను జప్తు. బాకీ షిల్లింగుల్లో ఉంటే పౌండ్ల విలువైనది పట్టుకెళ్ళిన సందర్భాలు కొల్లలు. ఈ మనుషులు తిరగబడలేదు, కానీ రాసుకున్నారు. ఏ రోజు, ఎవరొచ్చారు, ఎంత అడిగారు, ఏం తీసుకెళ్ళారు, దాని ఖరీదెంత, అన్నీ. వాటికి ‘బాధల పుస్తకాలు’ అని పేరు. 1753లో జోసెఫ్ బెస్ అనే ఆయన అలాంటివి కూర్చి రెండు లావుపాటి సంపుటాలు అచ్చేశాడు.

మావాళ్ళు అచ్చుకెక్కేంత గొప్పవాళ్ళు కాదు. చేతిరాత పుస్తకంలో రెండు వరుసల్లో దొరికారు. ఒక ఆవు. రెండేళ్ళ తర్వాత, పెద్దాయన భార్య దగ్గర, ఒక ఇత్తడి గిన్నె. చదివి వినిపిస్తే అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆవు ఏ రంగుదో?” అన్నారు. రంగు రాయలేదు.

ధన్యవాదాలు ఎందుకో అర్థమైందనుకుంటాను. పెట్టినవాళ్ళెవరూ వీళ్ళ పేరు రాయలేదు, లాక్కుపోయిన మీ పుణ్యాన దొరికారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, పేజీ తిప్పిన ప్రతిసారీ ‘దేవుడా, ఈ ఏడాది కూడా ఏదో ఒకటి జప్తు చేసి ఉండాలి’ అని మొక్కుకున్నాను. పది ఆవులున్న క్వేకరు పేజీలకు పేజీలు దొరుకుతున్నాడు. మావాళ్ళు గిన్నెతో ఆగిపోయారు. మతం మార్చుకున్నారో, ఊరు వదిలారో, పట్టుకెళ్ళడానికి ఇంకేం మిగల్లేదో.

కాబట్టి ఆర్యా, చిన్న మనవి. మీ పాత లెక్కల్లో ఆ ఇంటి మీద ఈస్టరు కోడిగుడ్లు రెండో మూడో బకాయి ఉంటే దయచేసి తెలియజేయగలరు. అత్తగారు రోజూ అడుగుతున్నారు.

ఇట్లు,
వెస్ట్‌మోర్లాండ్ వారి తెలుగు కోడలు