సంతకం పెట్టించుకుంటే బాధ్యత తీరిపోతుందా?

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల్లో, బికినీ అనే చోట అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు శక్తి 15 మెగాటన్నులు, అంటే హిరోషిమా బాంబుకి దాదాపు వెయ్యి రెట్లు. కొన్ని గంటలకి అక్కడి రొంగెలాప్ దీవి మీద తెల్లటి బూడిద రాలింది. అదేంటో చెప్పిన వాళ్లు లేరు, పిల్లలు దాంతో ఆడుకున్నారు. ఆ దీవి జనాన్ని అక్కడి నుంచి తరలించడానికి రెండు రోజులు పట్టింది గానీ, రేడియేషన్ వాళ్ల ఒంటి మీద ఎలా పనిచేస్తోందో చూసే అధ్యయనం మాత్రం వెంటనే మొదలైంది. 1957లో పర్వాలేదని చెప్పి మళ్లీ అదే దీవికి పంపారు. థైరాయిడ్ జబ్బులతో ఏళ్లు గడిపి, ఆ చెప్పిన మాట మీద నమ్మకం పోయి, 1985లో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ ఓడెక్కి వాళ్లే ఊరు ఖాళీ చేశారు.

అమెరికా అక్కడ సంరక్షకుడి హోదాలో ఉంది, నాకు మింగుడుపడనిది ఇదే. ఈ ప్రజల ఆరోగ్యాన్ని కాపాడతానని, వాళ్ల భూములూ వనరులూ పోకుండా చూస్తానని 1947లో ఐక్యరాజ్యసమితితో రాతపూర్వకంగా ఒప్పుకుంది. 1958 దాకా జరిపిన 67 పరీక్షల్లో మొదటి రెండు తప్ప అన్నీ ఆ మాట ఇచ్చాకే జరిగాయి. కంచే చేను మేయడమంటే ఇదే.

ఇక పరిహారం సంగతి. అమెరికాకీ మార్షల్ దీవులకీ మధ్య 1986లో అమల్లోకి వచ్చిన ఒప్పందంలో 15 కోట్ల డాలర్ల నిధి పెట్టి, పూర్తి పరిష్కారం అయిపోయిందన్నారు. అదే ఒప్పందం కింద ఏర్పడిన ట్రిబ్యునల్ లెక్కగడితే నష్టం 200 కోట్ల డాలర్లు దాటింది, నిధి అడుగంటింది, తీర్పులు కాగితాల మీదే మిగిలాయి. పరిస్థితులు మారితే మళ్లీ అడగొచ్చన్న వెసులుబాటు ఒప్పందంలోనే ఉంది కదా అని 2000లో అర్జీ పెట్టుకుంటే అమెరికా ప్రభుత్వం కాదంది. 2010లో బికినీ వాళ్ల కేసు వినడానికి అమెరికా సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు.

ఒప్పందం మీద మార్షల్ దీవుల వాళ్లూ సంతకం పెట్టారుగా అనేవాళ్లకి నా ప్రశ్న ఒకటే. ఫైళ్లన్నీ ఒక పక్షం బీరువాలో ఉన్నప్పుడు రెండో పక్షం దేనికి ఒప్పుకున్నట్టు? ఆ పరీక్షల రహస్య పత్రాల్లో చాలా భాగం బయటపడింది 1990ల్లో, అంటే సంతకాలు అయ్యాక. అదే 1954 బూడిద జపాన్ చేపల పడవ మీద పడితే ఏడాది తిరక్కుండానే ఆ దేశానికి 20 లక్షల డాలర్లు ఇచ్చారు. అమెరికాలోనే నెవాడాలో జరిపిన అణు పరీక్షల గాలి సోకిన సొంత పౌరుల కోసం 1990లో చట్టమే చేశారు, అందులో మార్షల్ దీవుల వాళ్లకి చోటు లేదు.

మనకీ ఇందులో కొంత పాత్ర ఉంది. ఆ పేలుడు జరిగిన నెలకే, అణు పరీక్షలు ఆపాలని నెహ్రూ పార్లమెంటులో పిలుపునిచ్చారు. అదే మార్షల్ దీవులు, అణ్వస్త్ర నిరాయుధీకరణ బాధ్యత నెరవేర్చలేదంటూ 2014లో అణ్వస్త్ర దేశాలను, మనల్నీ కలిపి, అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగితే, ఆ కోర్టుకి దీన్ని విచారించే అధికారమే లేదని మనం వాదించాం. 2016లో కేసు కొట్టేశారు.

ట్రిబ్యునల్ తీర్పుల బకాయి కట్టాలి, మిగిలిన పత్రాలు ఇచ్చేయాలి, క్యాన్సర్ వస్తే హవాయికో మనీలాకో పరుగెత్తే ఈ మనుషులకు సొంత దీవుల్లోనే వైద్యం ఏర్పాటు చేయాలి. ఇక మార్షల్ దీవుల్లోనే ఉన్న రునిట్ దీవి. అక్కడ పాత బాంబు గుంతలో సుమారు 73,000 ఘనపు మీటర్ల కలుషిత మట్టీ చెత్తా పోసి పైన గోపురంలా కాంక్రీటు మూత వేశారు. అడుగున ఏ పూతా వేయలేదు. సముద్రం పోటుకీ పాటుకీ లోపల నీళ్లు కదులుతున్నాయి. ఆ గోపురం ఇప్పుడు మార్షల్ దీవుల ప్రభుత్వానిదే అంటోంది, గుంత తవ్విన బాంబూ మూత వేసిన సైన్యమూ తనవే అయిన అమెరికా.