సవరణ: వడగళ్లకు దెబ్బతిన్న పైకప్పు ఖర్చు, తప్పిన రెండు లెక్కలు

టెక్సస్‌లో వడగళ్ల వాన తర్వాత షింగిల్ (తారు పలకల) కప్పు మార్పించే ఖర్చు గురించి ఇంతకుముందు రాసినదాంట్లో రెండు లెక్కలు తప్పాయి.

పెద్ద తప్పు డిడక్టిబుల్‌ది, అంటే నష్టంలో బీమా కంపెనీ ఇవ్వకుండా మీరే భరించాల్సిన వాటాది. పాలసీలో ఉన్న ఆ 2 శాతాన్ని రూఫర్ (కప్పు వేసే కాంట్రాక్టర్) బిల్లు మీద వేశాం. అది ఇంటి బీమా మొత్తం మీద పడుతుంది. ఇల్లు 5 లక్షల డాలర్లకు బీమా అయి ఉంటే మీ చేతి నుంచి పోయేది 10,000. కప్పుకు 18,000 అవుతుందనుకుంటే కంపెనీ ఇచ్చేది 8,000. మేం రాసినట్టు 17,640 కాదు. అదీ ఒకేసారి రాదు. పాత షింగిల్స్ తరుగుదల కింద 6,000 పట్టుకుంటే మొదటి చెక్కు 2,000 మాత్రమే, మిగతాది పని పూర్తయి బిల్లు పంపాకే. పాలసీలో కప్పుకు ‘యాక్చువల్ క్యాష్ వాల్యూ’ (తరుగుదల తీసేసిన విలువ) అని ఉంటే ఆ 6,000 మీద ఆశ వదులుకోవాల్సిందే. పాలసీ తీసి ముందు ఈ మాట వెతకండి.

‘డిడక్టిబుల్ మేమే సర్దేస్తాం’ అనే రూఫర్ జోలికి పోవద్దు. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో అది చట్టవిరుద్ధం. మీరు కట్టినట్టు కంపెనీ రుజువు అడగొచ్చు.

రెండోది కొలత. నేల వైశాల్యాన్నే కప్పు వైశాల్యం అనుకున్నాం. 12 అంగుళాలకు 8 అంగుళాలు లేచే వాలైతే దాన్ని 1.2తో గుణించాలి. గ్యారేజీ, చూరు కలిపి 2,400 చదరపు అడుగులైతే కప్పు 2,880, అంటే 28.8 స్క్వేర్లు (ఒక స్క్వేరు 100 చదరపు అడుగులు). కోతల్లో పోయే 12 శాతం కలిపితే 32.3. స్క్వేరుకు 3 కట్టల చొప్పున 97 కట్టలు పడతాయి. మేం చెప్పిన 72తో పని మధ్యలో ఆగిపోతుంది. స్టార్టర్ (చూరు అంచున వేసే మొదటి వరుస), రిడ్జ్ క్యాప్ (కప్పు శిఖరం మీద వేసేవి) వీటికి అదనం.