తట్టుకునే చేప శుభ్రమైన చేప కాదు

పరాన్నజీవిని తట్టుకునే శక్తి తల్లిచేపల నుంచి పిల్లలకు సంక్రమిస్తున్నప్పుడు, చేపపిల్లలను పెంచి నదుల్లో వదిలే హేచరీలపై ఇన్ని తనిఖీలు, ఇన్ని ఆంక్షలు దేనికన్న వాదన వినసొంపుగానే ఉంటుంది. ఇలా తట్టుకునే చేప రకాల వల్ల మందుల వాడకం తగ్గుతుందని, ఖాళీ అయిన నదులు మళ్లీ నిండుతాయని సమర్థకులు చెబుతున్నదాన్ని మేము కాదనడం లేదు. కానీ తట్టుకోవడం వేరు, వ్యాధి లేకపోవడం వేరు. ఈ తేడాను చెరిపేయడమే మా అభ్యంతరం.

నార్వేకు ఈ పాఠం 1970లలోనే అందింది. గైరోడాక్టిలస్ సలారిస్ అనే అర మిల్లీమీటరు పురుగు చర్మాన్ని పట్టుకుని ఉన్నా బాల్టిక్ సముద్రపు సాల్మన్ చేపకు పెద్దగా ఏమీ కాదు. అలాంటి చేపలు హేచరీల మీదుగా నార్వే చేరాయి. ఏ రక్షణా లేని అక్కడి అట్లాంటిక్ సాల్మన్ పిల్లలు మాత్రం గుంపులుగా చచ్చాయి, జాడ్యం దాదాపు 50 నదులకు పాకింది. చివరికి పురుగును వదిలించుకోవడానికి రొటెనోన్ అనే విషం పోసి, నదిలో ఉన్న చేపలన్నింటినీ చంపవలసి వచ్చింది. జబ్బు చేసిన చేప అయితే తొట్టిలోనే పట్టుబడేది. నిక్షేపంగా ఈదిన చేపే కొంప ముంచింది.

అమెరికాలోని కొలరాడో కథ కొంత నయం. 1990లలో అక్కడి రెయిన్‌బో ట్రౌట్ చేపపిల్లల మృదులాస్థిని మిక్సోబోలస్ అనే పరాన్నజీవి తినేయడంతో, అవి తోక నల్లబడి, తమ తోకనే తరుముతున్నట్లు గిరగిరా తిరుగుతూ చచ్చాయి. అప్పుడు జర్మనీ హేచరీలో తరతరాలుగా ఆ పరాన్నజీవి మధ్యనే పెరిగిన హోఫర్ రకాన్ని తెప్పించారు. అయితే మేత వేసే చేతికి మరిగిన ఆ చేపను నేరుగా నమ్మలేదు. నదిలో బతకడం తెలిసిన రకంతో సంకరపరిచి, ఏళ్ల తరబడి గమనించారు. హోఫర్‌లో ఆ పరాన్నజీవి బీజాలు తగ్గుతాయే గాని పూర్తిగా పోవు. చేప చచ్చాక అవి బురదలో పడితే ట్యూబిఫెక్స్ పురుగు మింగుతుంది, దాని కడుపులో రూపు మార్చుకుని మళ్లీ నీటిలోకి వస్తాయి. ఆ బురద ఉన్నది చాలా చోట్ల హేచరీల మట్టి చెరువుల అడుగునే.

హేచరీ చేపలతో జబ్బును ఊరేగించినవారే ఇప్పుడు దాన్ని తట్టుకునే పిల్లలను చూపించి తనిఖీ ఎత్తేయమంటే, రేపు ప్రతి కొత్త పరాన్నజీవికీ ఇదే మినహాయింపు అడుగుతారు. తట్టుకోలేని పొరుగు చేపల గతి ఏమిటో వారు చెప్పరు. ముందు మీ చెరువుల అడుగు బాగుచేయండి, లోపలికి వచ్చే నీటిని శుద్ధి చేయండి, వదిలే ప్రతి విడతకూ పరీక్ష ఫలితం చూపండి. వంశావళి పత్రం ఆ తర్వాత తీసుకురండి.