పెన్సిల్ బొమ్మకు పట్టిన ఆరు నెలలు

ఆఫీసు పని మీద తిరిగొచ్చిన ఉద్యోగి ఖర్చుల బిల్లు పెడుతూ 540 బదులు 5400 కొట్టాడు. వేలు జారి సున్నా రెండుసార్లు పడింది. సబ్మిట్ నొక్కాక గానీ చూసుకోలేదు. ఇప్పుడేం చెయ్యాలి? దారిన పోయేవాణ్ణి అడిగినా "దిద్దుకోవాలి" అంటాడు. దారిన పోయేవాడు కాబట్టి అంత తేలిగ్గా అనేస్తాడు. ఖర్చుల సాఫ్ట్‌వేర్ తయారుచేసే మా బృందం మాత్రం ఈ సమస్య మీద ఆరు నెలలు కూర్చుంది.

మొదటి నెలంతా అసలు దిద్దుకోనివ్వవచ్చా అనే ధర్మసందేహంతోనే గడిచింది. ఫైనాన్స్ తరఫున మా బృందంలో ఉన్న పెద్దమనిషి 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అచ్చువేయించిన పుస్తకం దాకా వెళ్ళారు. ప్రతి లావాదేవీనీ రెండు వైపులా రాసే జంటపద్దు పద్ధతిని వివరించిన పుస్తకం అది. తప్పు పడిన పద్దును చెరిపెయ్యకుండా, దానికి ఎదురుపద్దు రాసి సరిచేసుకోవాలని అందులో ఉంది. ఆయన వాదన బలమైనదే. కాకపోతే పాచోలీ కనీసం సరిచేసుకోనిచ్చాడు. మా మొదటి డిజైన్‌లో ఆ ఏర్పాటు కూడా లేదు.

తర్వాత పెన్సిల్ బొమ్మ వంతు వచ్చింది. సవరించడానికి అన్ని యాప్‌లలోనూ పెన్సిలే ఉంటుంది కదా అని అదే పెట్టాం. ఫైనాన్స్ పెద్దమనిషి ఒప్పుకోలేదు. పెన్సిల్‌తో రాసింది చెరిగిపోతుందట, లెక్కల్లో అలాంటి సంకేతం వెళ్ళకూడదట. పెన్ను బొమ్మ పెట్టమన్నారు. పెన్ను గీసి చూపిస్తే అది సంతకం గుర్తులా ఉందని లీగల్ వాళ్ళు అడ్డుకున్నారు. మూడు వారాల తర్వాత మళ్ళీ పెన్సిలే పెట్టాం, బూడిదరంగులో, నొక్కడానికి కాస్త జంకేలా.

అసలు చిక్కు స్థితుల దగ్గర వచ్చింది. బిల్లు డ్రాఫ్ట్‌లో ఉంటే ఎవరి బిల్లు వాళ్ళు దిద్దుకోవచ్చు, గొడవ లేదు. సబ్మిట్ చేశాక అయితే వెనక్కి పిలిపించుకోవాలి. మేనేజర్ ఆమోదించాక దిద్దితే ఆ ఆమోదం రద్దయి మళ్ళీ మొదటికి రావాలి. ఇంతవరకూ న్యాయమే, ఒప్పుకున్న అంకె ఒకటీ చెల్లించే అంకె ఇంకొకటీ కాకూడదు. మరి అంకె తగ్గిస్తేనో? 5400ను 540 చేసుకుంటే కంపెనీకి లాభమే కదా, వదిలెయ్యమన్నాను. గదిలో అందరూ నావైపు జాలిగా చూశారు. "ఎందుకు తగ్గించుకుంటున్నాడో తెలుసుకోవద్దూ?" అన్నారు ఫైనాన్స్ పెద్దమనిషి. డబ్బు ఎక్కువ అడిగేవాడి ఉద్దేశం తెలిసిపోతూనే ఉంటుంది, తక్కువ అడిగేవాడిదే అంతుపట్టదు. అందుకని తగ్గింపులకు రెండు ఆమోదాలు పెట్టాం. వివరణలో అక్షరదోషం దిద్దినా మేనేజర్ మళ్ళీ ఆమోదించాలి. ఆ మేనేజరేమో నలభై బిల్లుల్ని ఒక్క వేలితో, ఫోన్‌లో, ఇంకో మీటింగ్‌లో కూర్చుని ఆమోదిస్తాడన్న సంగతి మా పరిధిలోకి రాదు.

జెరాక్స్ పరిశోధన కేంద్రంలో కట్, కాపీ, పేస్ట్‌లకు రూపమిచ్చిన ల్యారీ టెస్లర్, స్క్రీన్‌లో మనిషిని ఒక స్థితి నుంచి ఇంకో స్థితిలోకి తోసే పద్ధతంటే పడక కారు నంబర్ ప్లేటు మీద కూడా "నో మోడ్స్" అని రాయించుకున్నాడు. మా స్క్రీన్‌లో చూసే స్థితి, దిద్దే స్థితి, దిద్దడానికి అనుమతి కోరే స్థితి అని మూడున్నాయి. ఆయన 2020లోనే పోయాడు, చూసే బాధ తప్పింది.

ఇక వాడేవాళ్ళతో పరీక్ష. దానికి ఐదుగురు వాడుకరులు చాలని, స్క్రీన్‌లు వాడటానికి ఎంత తేలికో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట మా పై అధికారులకు కంఠస్థం. ఒక్కొక్కరూ నూటికి 31 లోపాలు బయటపెడతారనుకుంటే ఐదుగురితో 85 దాకా దొరుకుతాయని లెక్క. ఒక్క విడతతో సరిపెట్టకుండా దిద్దుకుని మళ్ళీ మళ్ళీ పరీక్షించమని కూడా ఆయన అదే వ్యాసంలో చెప్పాడు. ఆ ముక్క ఎందుకో ఎవరికీ గుర్తుండదు.

ఐదుగుర్ని పిలిచాం. మనసులో అనుకునేది పైకి అంటూ చెయ్యమన్నాం. ఇచ్చిన పని: "ఈ బిల్లులో మొత్తాన్ని సవరించండి." స్క్రీన్ మీద బటన్ పేరు: "సవరించు". ఐదుగురూ నెగ్గారు. ఇంత ఘనవిజయం మా కంపెనీ ఎన్నడూ చూడలేదు. చివర్లో, వ్యవస్థ వాడటానికి ఎంత తేలికో కొలిచే 1986 నాటి పది ప్రశ్నల కాగితం ఇచ్చాం, ఇప్పటికీ అందరూ వాడేదే. "ఈ వ్యవస్థను తరచుగా వాడాలనిపిస్తోంది" అనేది అందులో మొదటి వాక్యం. తప్పులు దిద్దే స్క్రీన్ గురించి అది. ఒకాయన "పూర్తిగా అంగీకరిస్తున్నాను" అని గీత పెట్టాడు. ఆయన పాత బిల్లులన్నీ ఓసారి తీయించమని ఫైనాన్స్ పెద్దమనిషి రాసుకున్నారు.

అంతా బాగుందనుకుంటుండగా నాలుగో ఆవిడ, వెళ్ళబోతూ, "ఇవి ఉత్తుత్తి బిల్లులు కాబట్టి నొక్కాను గానీ, నా డబ్బయితే ఆ పెన్సిల్‌ని ముట్టుకోనండీ" అంది. "మరి తప్పు పడితే?" అన్నాను. "వివరణ గడి ఉందిగా. పైన సున్నా ఒకటి ఎక్కువ పడింది, 540గా చదువుకోగలరు అని రాస్తాను." ఐదో ఆయన అకౌంట్స్‌లో పనిచేసేవాడు. ఆయన్ని అడిగితే, "మేం ముందు ఆ గడే చూస్తాం, తర్వాతే అంకె" అన్నాడు.

అంటే మేం ఆరు నెలలుగా కడుతున్నది ఎప్పుడో కట్టి ఉంది. పైసా ఖర్చు లేకుండా, శిక్షణ లేకుండా నడుస్తోంది కూడా.

ఈ సంగతి నివేదికలో రాశాను. యాజమాన్యం తీవ్రంగా పరిగణించింది. అనుమతిలేని మార్గంలో సవరణలు సాగుతున్నాయని తేల్చి, వివరణ గడికి 30 అక్షరాల పరిమితి పెట్టి, సబ్మిట్ కాగానే దానికి తాళం పడేలా చేసింది. పెన్సిల్‌ని కొంచెం పెద్దది చేశారు.

కొత్త వెర్షన్ వచ్చి రెండు వారాలైంది. పెన్సిల్‌ని ఎవరూ నొక్కడం లేదు. "అదనపు రసీదు జతచెయ్యి" అనే బటన్‌కు మాత్రం గిరాకీ పెరిగింది. రుజువులు ఎంత ఎక్కువుంటే అంత మంచిదని దానికి ఏ దశలోనూ తాళం వెయ్యలేదు. జనం ఒక చీటీ మీద "5400 కాదు, 540" అని రాసి, ఫొటో తీసి అక్కడ పెడుతున్నారు. అకౌంట్స్ వాళ్ళు చదువుకుని 540 చెల్లిస్తున్నారు.

ఆ చీటీలు పెన్నుతో రాస్తున్నారా పెన్సిల్‌తోనా అని ఫైనాన్స్ పెద్దమనిషి ఒక్కొక్క ఫొటో పెద్దది చేసి చూస్తున్నారు.