కొసరు

శనివారం పొద్దున గాల్వెస్టన్‌లో షిప్పు దిగాం, ఇవాళ మంగళవారం, కడుపుమంట ఇంకా తగ్గలేదు. తగ్గితే రాయబుద్ధి కాదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

అత్తయ్యగారు, మావయ్యగారు తెనాలి నుంచి వచ్చి నాలుగు నెలలైంది. హ్యూస్టన్‌లో చూపించాల్సినవన్నీ (గుడి, నాసా, మళ్ళీ గుడి) అయిపోయాయి. గాల్వెస్టన్ రేవు మాకు గంట దూరం. చేతిలో అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. దాంతో ఐదు రాత్రుల క్రూజ్ బుక్ చేశాం. వెజిటేరియన్ తిండి దొరికిందా, సముద్రం పడిందా అని అడక్కండి. దొరికింది, పడింది. గొడవంతా షాపింగ్ దగ్గరే.

అత్తయ్యగారి డైరీ వెనక పేజీలో ఒక లిస్టు ఉంది. తెనాలిలో ఆరుగురు. ఇద్దరు ఆడపడుచులు, ఇద్దరు తోడికోడళ్ళు, వాళ్ళ అక్కయ్యగారు, నాలుగు నెలలుగా మొక్కలకి నీళ్ళు పోస్తున్న పక్కింటావిడ. ఆరుగురికీ ఒకటే వస్తువు ఇవ్వాలి. రంగు కూడా ఒకటే ఉండాలి, లేకపోతే "దానికి పచ్చది ఇచ్చి నాకు ఎర్రది ఇచ్చింది" అనేది వచ్చే సంక్రాంతి దాకా నడుస్తుంది. చాక్లెట్లు పనికిరావు, ఇప్పుడు అవి తెనాలిలో కిళ్ళీకొట్లో కూడా దొరుకుతున్నాయి. "షిప్పులో వెళ్ళొచ్చినట్టు తెలియాలి బాబూ" అన్నారు.

షిప్పెక్కిన రోజే హాల్లో కూర్చోబెట్టి, ఏ ఊళ్ళో ఏ షాపుకి వెళ్ళాలో ఒకావిడ మైకులో గంటసేపు చెప్పింది. అందులో ముప్పావుగంట టాంజనైట్ అనే నీలం రాయి గురించే. ప్రపంచం మొత్తం మీద టాంజానియాలో ఒక్కచోటే దొరుకుతుందట, 1967లో బయటపడిందట. మావయ్యగారు రిటైర్డు లెక్కల మాస్టారు, అంతా విని "టాంజానియా రాయిని మెక్సికోలో డాలర్లిచ్చి కొనుక్కెళ్ళి తెనాలిలో చూపించాలా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మెక్సికోలో మొదట ఆగిన దీవి కోజుమెల్, దాని సంగతి త్వరగా చెప్పేస్తాను. దిగ్గానే కొట్లు, కొట్ల ముందు "ఆల్మోస్ట్ ఫ్రీ! ఆల్మోస్ట్ ఫ్రీ!" అని అరిచే మనుషులు. వెనిల్లా పుట్టింది మెక్సికోలోనే, అందుకని సీసాలు సీసాలు అమ్ముతున్నారు. అత్తయ్యగారు ఒకటి మూత తీయించి వాసన చూసి "ఐస్‌క్రీమ్" అని పెట్టేశారు. వెండి బాగుంది, 925 ముద్ర కూడా ఉంది, కానీ ఆరుతో హెచ్చవేస్తే నాకు కళ్ళు తిరిగాయి. ఇంతలో నా ఫోన్ చూసుకుంటే షిప్పు వెళ్ళిపోయే టైము దగ్గరపడింది. నలుగురం పరిగెత్తాం. ఎండలో, మావయ్యగారితో సహా. తీరా చేరాక తెలిసింది, గంట ముందే వచ్చామని. 2015 నుంచి అక్కడ ఏడాది పొడుగునా ఒకటే టైమట, చలికాలంలో అది మన టెక్సాస్ కంటే గంట ముందుంటుంది. షిప్పు టెక్సాస్ టైము మీదే నడుస్తోంది, నా ఫోన్ మాత్రం నన్నడక్కుండా మెక్సికో టైముకి మారిపోయింది. మావయ్యగారి చేతి గడియారం కరెక్టుగానే ఉంది. ఆయన పరిగెత్తేటప్పుడు ఏదో చెప్పబోయారు, మేమే వినలేదు.

మర్నాడు ప్రోగ్రెసో. ఆరు కిలోమీటర్లకి పైగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రేవు, బస్సెక్కించి ఊళ్ళోకి దింపారు. అక్కడ ఊయలలు బాగున్నాయి. ఆరు ఊయలలు ఏ సూట్‌కేసులోనూ పట్టవు. ఖాళీ చేతులతో వెనక్కొచ్చాం.

ఇక మిగిలింది ఆఖరి రోజు, అంతా సముద్రమే. షిప్పులో కొట్లు రేవులో ఉన్నప్పుడు మూసేసి, నడిసముద్రంలోకి వచ్చాకే తెరుస్తారు. పన్నుల గొడవట. ఎక్కడికీ పారిపోలేని చోట తెరుస్తారని నా అనుమానం. కొట్ల ముందు నడవలో బల్లలు వేసి వాచీలు, స్కార్ఫులు, టోపీలు గుట్టలు పోశారు, జనం మన ఆషాఢం సేల్ లాగే మీద పడ్డారు. ఆ చివర బల్ల మీద రీళ్ళకి చుట్టి బంగారు గొలుసు ఉంది. ఎలక్ట్రికల్ షాపులో వైరు చుట్టలుంటాయే, అచ్చం అలాగే. సన్నవి, లావువి, మెలిక తిప్పినవి, పది పన్నెండు రీళ్ళు. పైన బోర్డు: అంగుళం 2 డాలర్లు.

"అంగుళమేంటి, బంగారాన్ని తూకం వెయ్యరా?" అన్నారు అత్తయ్యగారు.

అది బంగారం కాదని, ఇత్తడి మీద 14 కారెట్ల పూత అని నేను చెప్పాను. చెప్పాననే గుర్తు. ఆవిడకి పూత అన్న ముక్క వినపడలేదు, 14 మాత్రమే వినపడింది. "మనది 916 కదా, ఇదెంత?" అని మావయ్యగారిని అడిగితే ఆయన ఇరవైనాలుగులో పద్నాలుగు అని లెక్కగట్టి "రూపాయికి తొమ్మిదణాల చిల్లర" అన్నారు. తొమ్మిదణాల బంగారం అంగుళం రెండు డాలర్లా! ఆవిడ మొహం వెలిగింది. అప్పటికప్పుడే ఫోన్ తీసి తెనాలికి వాయిస్ మెసేజ్ పెట్టారు, నేను రోజుకి ఇంతని కట్టి కొన్న షిప్పు వైఫైలో: "ఒసేవ్, మీ ఆరుగురికీ బంగారమే తెస్తున్నా."

ఇక్కడ నేను ఆపాలి. ఆపలేదు. మా ఆవిడ స్కార్ఫుల గుట్టలో నడుం దాకా మునిగి ఉంది.

బల్ల వెనక కుర్రాడు మహా హుషారుగా ఉన్నాడు. ప్రతి మాటకీ ముందో "మై ఫ్రెండ్", వెనకో "మై ఫ్రెండ్". ఆడవాళ్ళ చేతికి ఏడంగుళాలు సరిపోతుందని తనే చెప్పాడు. ఇది గుర్తుపెట్టుకోండి, తనే చెప్పాడు. అత్తయ్యగారు మాత్రం అంగుళాల్ని నమ్మలేదు. ఆవిడకి కొలత అంటే మూర. తెనాలి మార్కెట్లో మల్లెపూలు కొనేటప్పుడు పూలమ్మి మోచెయ్యి ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది, అందుకని "నా చేత్తో కొలు" అనడం ఆవిడకి నలభై ఏళ్ళ అలవాటు. కుర్రాడి చేతిలోంచి రీలు కొస పుచ్చుకుని, మోచేతి దగ్గర నొక్కిపెట్టి, మధ్యవేలి కొస దాకా లాగారు. మా వెనక అప్పటికి పదిహేనుమంది లైనులో ఉన్నారు. నడిసముద్రంలో, ఇత్తడి గొలుసుని, మల్లెదండలా మూరేస్తున్న అత్తగారిని ఇద్దరు ముగ్గురు వీడియో కూడా తీశారు. రెండు మూరలూ, ఇంకో జానెడూ వస్తే ఆరుగురికీ సరిపోతుందని తేల్చారు.

తర్వాత చీర కొంగు సర్దుకుని మామూలుగా, చాలా మామూలుగా "కొసరేదీ?" అన్నారు.

కుర్రాడు నా వంక చూశాడు. నేను గాల్లోకి చూశాను.

కొసరుని ఇంగ్లీషులో ఏమంటారో మీకు తెలిస్తే చెప్పండి, నేను మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. డిస్కౌంట్ కాదు, అది ధర తగ్గించడం, అత్తయ్యగారు ధర ఒప్పేసుకున్నారు. ఫ్రీ కాదు, ఫ్రీ అంటే వాడి ఇష్టం, కొసరు అంటే మన హక్కు. బంగాళదుంపలు కొంటే చేతిలో పెట్టే కరివేపాకు రెబ్బ, మూర పూలు కొంటే మళ్ళీ వేలెడు, పాలు కొలిచి పోశాక చివర్లో వంచే గుక్కెడు. అది లేకపోతే బేరం ముగిసినట్టు కాదు, అమ్మినవాడికి మర్యాద తెలీనట్టు. ఇదంతా వెనక పదిహేనుమంది ఉసూరుమంటుంటే, పక్క హాల్లో బింగో నంబర్లు మైకులో అరుస్తుంటే ఎలా చెప్పను? "వన్ ఎక్స్‌ట్రా" అన్నాను. "సిక్స్ పీసెస్, సెవెన్ ఇంచ్, అండ్ వన్ ఎక్స్‌ట్రా. సేమ్ ప్రైస్. ట్రెడిషన్."

ట్రెడిషన్ అనకుండా ఉండాల్సింది. వాడికి ఆ మాట బాగా నచ్చింది.

కుర్రాడు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ఆలోచించాడు. తర్వాత "నో ప్రాబ్లమ్, మై ఫ్రెండ్!" అని నలభై రెండు అంగుళాలు కొలిచి, చీటీ మీద ఏదో రాసి నా ముందుకి తోశాడు. మావయ్యగారు నా భుజం మీంచి తొంగిచూసి, కళ్ళజోడు పైకెత్తి, "ఆరేడ్ల నలభై రెండు. కరెక్టే" అన్నారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసున్న మాస్టారు కరెక్టన్నాక నేనెవర్ని? సంతకం పెట్టాను.

కటింగ్ ప్లయర్‌తో టక్, టక్, టక్ అని కత్తిరించి, కొసలకి కొక్కేలు బిగించి, ఒక్కొక్కటీ చిన్న వెల్వెట్ సంచిలో వేసి ఇచ్చాడు. అత్తయ్యగారు సంచులు లెక్కపెట్టారు. ఏడు. "చూశావా, అడగందే అమ్మైనా పెట్టదు" అని నాకు ఒక పాఠం చెప్పారు. నడుచుకుంటూ కేబిన్‌కి వెళ్ళేదాకా నేనూ గర్వంగానే ఉన్నాను.

కేబిన్‌లో మా ఆవిడ ఒకటి తీసి చేతికి పెట్టుకోబోయింది. రెండు కొసలకీ మధ్య అంగుళం ఖాళీ. గాలి బిగపట్టింది, చెయ్యి సన్నం కాలేదు. ఇంకోటి తీసింది, అదీ అంతే. అప్పుడు చీటీ చూశాను. 7 × 6, ఆ ఆరు నెత్తిన రెండు చిన్న గీతలు. అంటే ఆరు అంగుళాలు. అంటే ఏడు ముక్కలు, ముక్కకి ఆరంగుళాలు. వాడు మోసం చెయ్యలేదు, అదే నా బాధ. అదే ధరకి ఒకటి ఎక్కువ కావాలన్నాను, ఇచ్చాడు. ఆరింట్లోంచీ తలా అంగుళం కోసి ఏడోది చేశాడు.

నేను చేసేది టెస్టింగ్ ఉద్యోగం. పద్నాలుగేళ్ళుగా ఇతరులు రాసిన కోడ్‌లో తప్పులు పట్టి బతుకుతున్నాను. రెండు చిన్న గీతలు కనపడలేదు.

"మొత్తం కరెక్టేగా" అన్నారు మావయ్యగారు మంచం మీద నడుం వాలుస్తూ. "ఏడార్లన్నా నలభై రెండే."

వెనక్కి పరిగెత్తాను. ఈసారి లైను ఇరవైమంది. నా వంతు వచ్చేసరికి కుర్రాడు నన్ను గుర్తుపట్టి "ట్రెడిషన్!" అని చెయ్యెత్తాడు. కత్తిరించింది వాపసు తీసుకోరట, చీటీ కింద రాసే ఉందట. ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. పూత పోతే జీవితాంతం గ్యారంటీ, ఎప్పుడైనా మార్చిస్తారట, పూతే పోవాలి, పొట్టిదైతే కాదు. అతికించొచ్చు కదా అంటే, కత్తిరించడమే తమ పని, అతికించడం కంపెనీ పని, కంపెనీకి పోస్టులో పంపుకోమన్నాడు. మీరే చెప్పారు కదా ఆడవాళ్ళకి ఏడంగుళాలని, అంటే "యెస్ మై ఫ్రెండ్, బట్ యూ సెడ్ ట్రెడిషన్" అన్నాడు. మా సంప్రదాయంలో ఆడవాళ్ళ చేతులు సన్నగా ఉంటాయనుకున్నాడో ఏమో. ఇంకో సంగతి, బిల్లులో కొక్కెం ఒక్కింటికీ 3 డాలర్లు. మొత్తం ఏడు కొక్కేలకి వేశాడు. కొసరు కొక్కేనికి కూడా.

ఆ రాత్రి తెనాలి నుంచి ఆరు రిప్లైలు వచ్చాయి. ఆడపడుచుగారు ఎన్ని కాసులని అడిగారు. పక్కింటావిడ దణ్ణాలు పెట్టే బొమ్మలు పదకొండు పంపారు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అత్తయ్యగారు ఆ ఆరుగురిలో ఎవరి మనవరాలి చెయ్యి ఎంత లావో ఆలోచిస్తున్నారు. పిల్లలు నలుగురే తేలారు, ఒకడు మగపిల్లాడు. నిన్న రాత్రి నేను ఆఫీసు కాల్ ముగించుకుని కిందికి వచ్చేసరికి హాల్లో లైటు వెలుగుతోంది. ఏడు ముక్కల్నీ కొక్కేనికి కొక్కెం తగిలించి ఒకటే గొలుసు చేసి, మావయ్యగారిని నిలబెట్టి, పంచె మీద నడుం చుట్టూ తిప్పి చూస్తున్నారు ఆవిడ.

"మొలతాడుకి సరిపోయింది" అన్నారు మావయ్యగారు. "నాది నలభై రెండేగా."