అరవై ఎడమలు

మా సోషల్ సారుకి పాఠం చెప్పడంతో తృప్తి ఉండదు. జరిపించి చూపించాలి. పార్లమెంటు పాఠం చెప్పినప్పుడు తొమ్మిదో తరగతిలో అవిశ్వాస తీర్మానం పెట్టించారు. అది నెగ్గింది. క్లాస్ లీడర్ పదవి ఊడింది. వాళ్ల నాన్న వచ్చి హెడ్మాస్టర్ గదిలో కూర్చున్నాడు. అందుకే పారిశ్రామిక విప్లవం పాఠం దగ్గర పడేకొద్దీ స్టాఫ్‌రూమ్‌లో మాకందరికీ టెన్షన్ మొదలైంది.

అనుకున్నంతా అయింది. పిల్లల చేత ముప్పై పుస్తకాల స్టాండ్లు చేయిస్తానన్నారు, చెక్కతో. హెడ్మాస్టరు గారు కిటికీలోంచి శేషాచలం కొండల వైపు ఒకసారి చూసి గుటక వేశారు. తిరుపతిలో ఆటోలో చెక్క దిగుతోందంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది టాస్క్‌ఫోర్సే. "ఎర్రచందనం కాదు సార్, మామిడి చెక్క. పక్కనే చిత్తూరు జిల్లా పెట్టుకుని మనకి మామిడికి కరువా?" అని సోషల్ సారు ధైర్యం చెప్పారు. ఆటోవాడు మాత్రం సామిల్లు బిల్లును ముందద్దానికి అతికించుకునే వచ్చాడు.

ముందు రోజు థియరీ. ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లో రాసిన గుండుసూదుల కథతో మొదలుపెట్టారు. పనిని పద్దెనిమిది రకాలుగా విడగొట్టి పంచుకుంటే పదిమంది రోజుకి 48,000 సూదులు చేశారట. తర్వాత ఫోర్డు గారు. 1913లో కదిలే లైను పెట్టాక, పన్నెండున్నర గంటలు పట్టే కారు ఛాసిస్ బిగింపు కొన్ని నెలల్లో గంటన్నరకి దిగిపోయింది. "సూదులూ కార్లూ సరే, చెక్కతో ఎవరైనా చేశారా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. సారు దానికీ సిద్ధం. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ ఓడరేవులో బ్రూనెల్ అనే ఇంజనీరు ఓడలకి చెక్క కప్పీలు చేసే యంత్రాలు పెట్టించాడు. 110 మంది పని పదిమందికి తగ్గింది, 1808 నాటికి ఏడాదికి 1,30,000 కప్పీలు!

పిల్లలు మాత్రం ఆశ్చర్యపోలేదు. "మా మామ కొండ మీద పోటులో, అదే గుడి వంటశాలలో పనిచేస్తాడు సార్" అన్నాడు వెనక బెంచీవాడు, ఇదొక వింతా అన్నట్టు. "బూందీ దూసేవాళ్లు వేరు, ఉండ చుట్టేవాళ్లు వేరు. 5,100 లడ్లకి ఇంత శనగపిండి, ఇంత నెయ్యి అని దిట్టం రాసుంటుంది." సారు ముఖం వెలిగిపోయింది. "అదేరా! లడ్డూకి దిట్టం, మనకి మచ్చు!"

ఆ మచ్చులు, అంటే చెక్క మీద పెట్టి గీసుకునే నమూనా పలకలు, వడ్రంగి ఆచారి చేసిచ్చాడు. స్టాండుకి పక్క పలకలు రెండు, మధ్యలో అరలు రెండు. పక్క పలక పైభాగం ముందు వైపుకి ఏటవాలుగా ఉంటుంది, లోపలి ముఖాన అరలు కూర్చునే గాడి. అంటే ఎడమ పలక వేరు, కుడి పలక వేరు. అందుకే మచ్చులూ రెండు. ఒకదాని మీద 'ఎ', రెండో దాని మీద 'కు' అని రాసి, పిల్లలకి చూపించి, పక్క వీధిలో గడప నిలబెట్టే ముహూర్తం ఉందని ఆచారి వెళ్లిపోయాడు. మెషిన్ మీద గాడి కొట్టడం పిల్లలకి అప్పగించే పని కాదు కాబట్టి కొడుకుని వదిలి వెళ్లాడు. ఆ అబ్బాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఇచ్చిన పలకకి ఇచ్చినట్టు గాడి కొట్టడానికి కూర్చున్నాడు.

వరండా అంతా ఫ్యాక్టరీ అయింది. గీసేవాళ్లు, కోసేవాళ్లు, ఉప్పు కాగితం రుద్దేవాళ్లు. పీఈటీ సారు విజిల్ ఊదితే పలక ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగాలి. తనిఖీకి హిందీ మేడం. ఆచారి ఒక కొయ్య ముక్కకి రెండు సందులు చెక్కి ఇచ్చాడు. పలక మొదటి సందులో దూరాలి, రెండో దాంట్లో దూరకూడదు. అంతే తనిఖీ. నాకు స్టోరు రిజిస్టరు ఇచ్చారు, తెలుగు టీచరు దస్తూరి బాగుంటుందని.

పోలిక కోసం ఒక అమ్మాయిని మూల కూర్చోబెట్టి స్టాండు మొత్తం ఒక్కతే చెయ్యమన్నారు. పాపం, ఒక పలక కోసి, దాని పక్కన రెండోది పెట్టుకుని, తల అటూ ఇటూ వంచి చూసుకుని మళ్లీ కోసేది. "చూశారా, చేతిపనిలో టైమెంత వృథానో!" అని సారు ఆ పిల్లనే చూపిస్తూ పాఠం నడిపించారు.

మధ్యలో సమ్మె ఒకటి. ఉప్పు కాగితం జట్టు చేతులు నొప్పులని పని ఆపేసింది. పనివాళ్లు నిలవడం లేదని 1914లో ఫోర్డు రోజుకి అయిదు డాలర్లు ఇచ్చాడని నిన్న చెప్పింది సారే మరి. తలా ఒక అదనపు చిక్కీతో రాజీ కుదిరింది.

ఆ తర్వాత లైను పరుగందుకుంది. విజిల్ విజిల్‌కీ పలకలు దొర్లుతున్నాయి. సారు సెల్‌ఫోనులో టైం చూసి గీసేవాళ్ల దగ్గరికి పరిగెత్తారు. "ఇంత స్పీడెలా వచ్చిందిరా?" "మచ్చు మార్చి మార్చి పెట్టడం దండగని ఒకటే వాడుతున్నాం సార్. తిరగేసి చూస్తే రెండూ ఒకటేలా ఉన్నాయి." సారు వాడి భుజం తట్టి, "కార్మికుడే పద్ధతిని మెరుగుపరచడం అంటే ఇదే!" అని బోర్డు మీద రాయించారు. హిందీ మేడం సందులో పలకలన్నీ చక్కగా దూరాయి, దూరకూడని చోట దూరలేదు. నేను రిజిస్టరులో అరవై అని రాసి సంతకం చేశాను.

బిగింపు దగ్గర మొదటి జట్టు తెల్లమొహం వేసింది. ఏటవాలు ముందుకి పెడితే గాడి బయటికి పోతోంది. గాడి లోపలికి తిప్పితే ఏటవాలు గోడ వైపుకి పోతోంది. తప్పు పలకని పక్కన పడేసి ఇంకోటి తీశారు. అదీ అంతే. ఇంకోటి. హిందీ మేడం తన కొయ్య ముక్క తెచ్చి అన్నిటినీ మళ్లీ దూర్చి చూశారు. అన్నీ పాస్.

ఆచారి నుదుట కుంకుమతో తిరిగొచ్చి, రెండు పలకలు తీసుకుని ఎదురెదురుగా చేర్చి చూశాడు. తర్వాత కొడుకు వైపు చూశాడు. వాడు ఇయర్‌ఫోన్లు తీశాడు.

"అన్నీ ఎడమవే సార్. మా తాత కొయ్యబొమ్మలు చెక్కేవాడు. ఆడబొమ్మా మగబొమ్మా పక్కపక్కన పెట్టుకునే ఉలి పట్టేవాడు. జత చూడకుండా చెక్క కొయ్యగూడదు సామీ."

ఆ మాటకి అందరం మూలకి తిరిగాం. ఆ అమ్మాయి స్టాండు ఒక కాలు కొంచెం ఎత్తుగా ఉన్నా, ఎడమా కుడీ ఉన్న ఏకైక స్టాండు అదే.

సారు కుర్చీలో కూలబడ్డారు. ఆచారి కాసేపు చెంప గోక్కుని, పలక వెనక వైపు కూడా అంతే ఏటవాలుగా గీత గీసి కోసేశాడు. పైభాగం కొసదేలింది. ఇప్పుడు ముందూ వెనకా ఒకటే, ఎటు తిప్పి పెట్టినా గాడి లోపలికే. రెండు పలకలూ నిలబెడితే అచ్చం గోపురాల్లా ఉన్నాయి. లైను మళ్లీ కదిలింది. ఈసారి పీఈటీ సారు విజిల్ ఊదలేదు.

తల్లిదండ్రుల సమావేశంలో స్టాండ్లన్నీ అమ్ముడుపోయాయి. డిజైను ఎవరిదని అడిగినవాళ్లకి హెడ్మాస్టరు గారు "స్థానిక సంస్కృతి" అని చెప్పారు. ఆచారి బిల్లు నా దగ్గరికే వచ్చింది: మచ్చులు రెండు, గోపురం కోతకి విడిగా కూలి. వాడని మచ్చుకి డబ్బులెందుకని సోషల్ సారు గొణిగితే, ఆచారి ఆ 'కు' మచ్చు తీసి, దుమ్ము తుడిచి, చంకలో పెట్టుకున్నాడు.

"కొత్తదే కదా సార్. సగం రేటు తగ్గించుకోండి. అవతల ఇంకో బళ్లో కూడా అడుగుతుండారు."