పాము ఏదో తేల్చకుండా మందు ఎలా తయారుచేస్తారు?

కొత్త విషసర్పం దొరికిందన్న వార్త వస్తే ఫొటో చూసి షేర్ చేసి మర్చిపోతాం. అది మ్యూజియం వాళ్ల పని అనుకుంటాం. కానే కాదు. అది రాత్రిపూట చేనుకు నీళ్లు కట్టబోయే రైతు ప్రాణానికి సంబంధించిన పని.

జో స్లోవిన్‌స్కీ అనే అమెరికా శాస్త్రవేత్తకు పాములే చదువు. 2001లో మయన్మార్‌లో, విషం లేని పామనుకుని సంచిలో చెయ్యి పెట్టి కట్లపాము కాటుకు చనిపోయారు. ఆ కట్లపాము ఓ కొత్త జాతిదని పరిశోధకులు తేల్చింది 2021లో!

మన కట్లపాముకు వెన్ను పొడవునా ఆరు పలకల పెద్ద పొలుసులు ఒకే వరుసగా ఉంటాయి. దాన్ని పోలిన, విషం లేని చారల పాముకు అవి ఉండవు. అంతవరకు కంటితో తేలుతుంది. విషంలోని తేడా మాత్రం పొలుసులు చూస్తే తెలియదు. రక్తపింజరినే తీసుకోండి. ఆగ్నేయాసియాలో ఉండేది వేరే జాతి అని 2007లో విడదీశారు. మన దేశంలో ఉన్న ఒకే జాతిలోనూ ప్రాంతాన్ని బట్టి విషం మారుతోందని, పొడి వాతావరణం ఉన్న ప్రాంతాల పాముల విషంలో ప్రొటీన్లను కరిగించే గుణం ఎక్కువని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) పరిశోధకులు చూపించారు.

పాముకాటుకు మనకిచ్చే విరుగుడు మందు యాంటీవెనమ్. దాన్ని పాము విషంతోనే తయారుచేస్తారు. ఆ విషం ప్రధానంగా చెన్నై దగ్గర పాములు పట్టే గిరిజనులైన ఇరుళర్ల సహకార సంఘం నుంచి వస్తుంది. 1978 నుంచి వాళ్లు చేస్తున్నది గొప్ప సేవ. కానీ సముద్రగాలి తగిలే సత్యవేడు ఎక్కడ, వాన కోసం మొహం వాచే కుప్పం ఎక్కడ? ఆ మందు రెండుచోట్లా ఒకేలా పనిచేస్తుందని కొలిచి చూడకుండా ఎవరు చెప్పగలరు?

ఉన్న మందే ప్రాణాలు కాపాడుతోంది కదా అంటారు. నిజమే, కాటు పడితే మంత్రగాడి దగ్గరికి కాదు, తిరుపతి రుయా ఆసుపత్రికే పరుగెత్తాలి. అయినా దేశంలో ఏటా సుమారు 58 వేల మంది పాముకాటుకు చనిపోతున్నారని అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. ఉన్నది చాలు అనడానికి నోరెలా వస్తుంది?

అసలు రోగం ఇంకా లోతుగా ఉంది. అడవిలో తిరిగి నేర్చుకునే చదువుకు మన దగ్గర విలువ లేదు. శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. దాని నీడలోనే జువాలజీ చదివిన పిల్లలు బ్యాంకు కోచింగ్‌లకు పోతున్నారు. కొండ తెలిసిన యానాదులు కూలి పనులకు పోతున్నారు. ఈ ఇద్దరికీ జీతాలిచ్చి, తిరుపతిలోనే ఒక విష పరీక్షా కేంద్రం పెట్టండి. కుప్పం, పలమనేరు, సత్యవేడు పాముల విషాన్ని విడివిడిగా సేకరించి, ఇప్పుడున్న మందు వాటి మీద ఎంత పనిచేస్తోందో లెక్కలు బయటపెట్టండి.